చిన్న స్పోర్ట్స్ కారు హార్స్‌పవర్ పెంచుకోవడం ఎలా: తిరుపతి ఎండకూ ఘాట్ ఎక్కుడుకూ తగిన పనివరుస

"ఏ సైలెన్సర్ వేయిస్తే పికప్ పెరుగుతుంది?" తిరుపతి, చిత్తూరు వైపు చిన్న టర్బో (పొగ తోపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి అదనపు గాలి నెట్టే పరికరం) ఉన్న కార్లు నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. సైలెన్సర్ వంతు ఈ పనిలో చాలా ఆలస్యంగా వస్తుంది. దానికంటే ముందు చేయాల్సినవి వదిలేసి నేరుగా పైపు మార్పించినవాళ్లలో చాలామందికి శబ్దం దక్కింది గాని శక్తి దక్కలేదు. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుసలో మొత్తం పనిని ఇక్కడ రాస్తున్నాను.

ఇందులోని వివరాలు ప్రధానంగా 1.0 నుంచి 1.4 లీటర్ల పెట్రోల్ టర్బో కార్లకు వర్తిస్తాయి. పోలో జీటీ టీఎస్ఐ, బలెనో ఆర్ఎస్, ఐ20 ఎన్ లైన్, ఆల్ట్రోజ్ రేసర్ లాంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి. టర్బో లేని ఇంజిన్‌కు తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

1. పానా పట్టే ముందు లెక్క

హార్స్‌పవర్ అంటే టార్కును, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని, ఇంజిన్ వేగంతో గుణించగా వచ్చేది. ఎన్ఎంలలో (న్యూటన్ మీటర్లలో) ఉన్న టార్కును ఆర్‌పీఎంతో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించి 7023తో భాగిస్తే పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) వస్తుంది.

1.2 లీటర్ల పోలో జీటీ టీఎస్ఐ సంగతి చూడండి. దాని గరిష్ఠ టార్కు 175 ఎన్ఎం 1500 నుంచి 4100 ఆర్‌పీఎం దాకా ఉంటుంది. గరిష్ఠ శక్తి 105 పీఎస్ 5000 దగ్గర వస్తుంది. వెనక్కి లెక్క కడితే 5000 దగ్గర టార్కు 147 ఎన్ఎం మాత్రమేనని తేలుతుంది. అంటే 4100 దాటాక ఇంజిన్‌కు ఊపిరి అందడం లేదన్నమాట. అదే 5000 దగ్గర టార్కును 170 ఎన్ఎం వద్ద నిలబెట్టగలిగితే, గరిష్ఠ టార్కు అంగుళం కూడా పెంచకుండానే శక్తి 121 పీఎస్ అవుతుంది.

ఈ చిన్న లెక్కలో పనికొచ్చే సంగతి ఒకటుంది. కింది ఆర్‌పీఎంలో టార్కును అమాంతం పెంచితే ఆ భారం క్లచ్, గేర్‌బాక్స్, పిస్టన్ల మీద పడుతుంది. పై ఆర్‌పీఎంలో పడిపోతున్న టార్కును నిలబెడితే దాదాపు అంతే శక్తి తక్కువ ప్రమాదంతో వస్తుంది. నా ఓటు ఎప్పుడూ రెండో దారికే.

2. చట్టం ఎక్కడ గీత గీసింది

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీ సంస్థ మొదట పేర్కొన్న వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే ఖాయం చేసింది. అనుమతి లేని భాగాలు బిగించి బండిని మార్చితే, 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారే 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది, దానికితోడు మూడు నెలలపాటు లైసెన్సు అర్హత పోతుంది.

కాబట్టి రోడ్డు మీద తిరిగే కారులో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) తీయవద్దు, సైలెన్సర్ లేకుండా నడపవద్దు. ఏ మార్పు చేయించినా ముందుగా ఆర్టీఏ కార్యాలయంలోనూ బీమా సంస్థ దగ్గరా లిఖితపూర్వకంగా అడగండి. చెప్పకుండా మార్పించిన బండికి ప్రమాదం జరిగితే క్లెయిమ్ తిరస్కరించడానికి బీమా సంస్థకు మీరే కారణం చేతికిచ్చినట్లవుతుంది. అనుమతికి మించిన మార్పులన్నీ ట్రాకు కోసమే. మనకు దగ్గర్లో శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాకు ఉంది.

తిరుమల ఘాట్ రోడ్డును పరీక్షా మైదానం చేసుకోవద్దు. రెండు చివరలా సమయం నమోదవుతుంది, నిర్దేశించిన సమయం కంటే ముందే చేరితే జరిమానా కట్టాలి. అంతకుమించి, మలుపు అవతల భక్తుల బస్సు ఉంటుంది.

3. ముందు పోగొట్టుకున్న గుర్రాలను వెతకండి

అరవై వేల కిలోమీటర్లు తిరిగిన కారు కంపెనీ చెప్పిన శక్తిని పూర్తిగా ఇవ్వడం అరుదు. మూసుకుపోయిన ఫిల్టర్, అరిగిన ప్లగ్గులు, జారుతున్న గొట్టం క్లిప్పు కలిసి నాలుగైదు పీఎస్‌లు తినేస్తాయి. వాటిని రాబట్టడానికి అయ్యే ఖర్చు ఒక సర్వీసు ఖర్చే.

మొదటి పని కంప్రెషన్ పరీక్ష. ఇంజిన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, ఇంధనాన్నీ ఇగ్నిషన్‌నూ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కు ఐదారు తిప్పులు స్టార్టర్ కొట్టించాలి. వచ్చిన అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది 10 శాతం దాటితే పవర్ ఆలోచన పక్కన పెట్టండి. బోరుకొచ్చిన ఇంజిన్‌కు రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ లెక్కల మార్పు) చేయించడమంటే కుంటి గుర్రాన్ని పందేనికి తోలడమే.

రెండోది ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) తగిలించి దీర్ఘకాలిక ట్రిమ్ చూడండి. సున్నాకు అటూఇటూ 5 శాతంలో ఉంటే మంచిది. 10 శాతం దాటితే గాలి లీకో, ఇంధన పీడనం లోపమో ఉందని అర్థం.

డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే పోతుంది, ఇన్‌టేక్ (గాలి లోపలికొచ్చే) వాల్వుల మీద పడదు కాబట్టి అక్కడ మసి గట్టిపడుతుంది. ఎక్కువ తిరిగిన బండైతే బోరోస్కోప్‌తో (లోపలికి దూర్చే చిన్న కెమెరాతో) చూపించి, అవసరమైతే శుభ్రం చేయించండి.

సరిచూసుకోవాల్సినవి:
- కంప్రెషన్: సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు
- కూలెంట్ మట్టం, రేడియేటర్ ఫ్యాన్ రెండు వేగాలూ, థర్మోస్టాట్
- టర్బో గొట్టాల క్లిప్పులు, ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లార్చేది) దగ్గర నూనె మరకలు
- ఇంజిన్ మౌంట్లు (చిరిగిన మౌంట్ మీద కొత్త ఎగ్జాస్ట్ నిలవదు)
- ఏపీఐ ఎస్‌పీ ప్రమాణమున్న, మాన్యువల్ చెప్పిన గ్రేడు ఫుల్లీ సింథటిక్ ఆయిల్
- స్కానర్‌లో నిల్వ ఉన్న ఎర్రర్ కోడ్లు ఏవీ లేకపోవడం

4. ఆపడం నేర్పాకే పరుగు

దీని మీద ఎక్కువ చెప్పను. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా దిగజారవచ్చు. రెండేళ్లు దాటిన ఆయిల్‌తో ఘాట్ దిగుతూ పెడల్ మెత్తబడితే అప్పుడు తెలుస్తుంది దాని విలువ. బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, టైర్లు మార్చాకే ఇంజిన్ పనికి డబ్బు తీయండి.

5. మార్పుకు ముందు కొలత

కొలవకుండా చేసిన మార్పు మన చెవిని మాత్రమే నమ్మిస్తుంది. శబ్దం పెరిగితే వేగం పెరిగిందని మనసు తనకు తానే చెప్పుకుంటుంది.

డైనో (బండిని ఎక్కించి శక్తిని కొలిచే యంత్రం) మీద కొలిపించాలనుకుంటే మనవాళ్లు ఎక్కువగా బెంగళూరుకో చెన్నైకో వెళ్తుంటారు. అక్కడ వచ్చేది చక్రాల దగ్గరి శక్తి. ముందు చక్రాలు లాగే కారులో అది ఇంజిన్ శక్తి కంటే 12 నుంచి 18 శాతం తక్కువ చూపడం సహజం. కాబట్టి కంపెనీ అంకెతో పోల్చి బెంబేలెత్తవద్దు. మార్పుకు ముందూ తర్వాతా అదే డైనో, అదే గేరు, అదే టైరు గాలి ఉండాలి. మూడు పరుగుల సగటు తీసుకోవాలి.

డైనో వీలుకాకపోతే తెల్లవారుజామున, వాహనాలు లేని సమతలమైన దారిలో, మూడో గేరులో గంటకు 40 నుంచి 80 కిలోమీటర్ల వేగానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్ జీపీఎస్‌తో నమోదు చేయండి. అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు పోయి సగటు తీయండి. ఆ రోజు ఉష్ణోగ్రత, ట్యాంకులో పెట్రోలు, బండిలో ఎంతమంది ఉన్నారు అన్నవీ రాసుకోండి.

6. గాలి లోపలికి: మన ఊళ్లో అసలు శత్రువు వేడి

గాలి సాంద్రత ఉష్ణోగ్రతతోపాటు తగ్గుతుంది. 30 డిగ్రీల గాలి ఇంజిన్‌లోకి చేరేసరికి 60 డిగ్రీలైతే, అదే పీడనం దగ్గర దాదాపు 9 శాతం గాలి తగ్గినట్లే. ఎన్ని ఖరీదైన భాగాలు వేసినా ఈ లెక్క మారదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం లీలామహల్ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని స్కానర్ చూస్తూ కూర్చున్నాను. బయట 41 డిగ్రీలు ఉండగా ఇన్‌టేక్ గాలి 68 చూపించింది. అప్పుడు నా కారులో బానెట్ కింద తెరిచి పెట్టిన శంకువు ఆకారపు ఫిల్టర్ ఉండేది. తర్వాతి వారం కంపెనీ ఫిల్టర్ పెట్టెనే తిరిగి బిగించి, గ్రిల్ వెనకనుంచి గాలి తెచ్చే గొట్టం కలిపి, అంచులకు రబ్బరు బీడింగ్ అతికించాను. అదే చోట, దాదాపు అదే ఎండలో 53 దాటలేదు. ఆ తెరిచిన ఫిల్టర్ ఇప్పటికీ ఇంట్లో అటక మీద ఉంది.

అందుకని క్రమం ఇలా ఉండాలి. కంపెనీ పెట్టె అలాగే ఉంచి, మంచి ప్యానెల్ ఫిల్టర్ వేయండి. చల్లగాలి వచ్చే దారి ఇంజిన్ వేడికి దూరంగా, మూసి ఉందో లేదో చూడండి. నూనె పూసే ఫిల్టరైతే నూనె మరీ తక్కువగా వాడండి. ఎక్కువైతే అది ఎయిర్‌ఫ్లో సెన్సర్ తీగ మీద పేరుకుని తప్పుడు లెక్క ఇస్తుంది. మన దారుల దుమ్ముకు ఫిల్టర్‌ను ప్రతి 5,000 కిలోమీటర్లకు తెరిచి చూడటం అవసరం.

టర్బో కారులో తర్వాతి మెట్టు ఇంటర్‌కూలర్. ముందు బంపర్ వెనక ఉండే రకమైతే రెక్కల మధ్య పురుగులు, మట్టి శుభ్రం చేస్తేనే తేడా తెలుస్తుంది. పెద్దది వేయించేటప్పుడు రేడియేటర్‌కు గాలి అడ్డం రాకుండా చూడాలి.

7. ఎగ్జాస్ట్: ఈ పని తొందరపడి చేయకూడదు

టర్బో కారులో పొగ వరుసగా మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒక్కచోట చేర్చేది), టర్బో, డౌన్‌పైప్ (టర్బో నుంచి కిందికి దిగే పైపు), క్యాటలిటిక్ కన్వర్టర్, మధ్య పైపు, రెజోనేటర్ (హోరు తగ్గించే డబ్బా), సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. శక్తికి అడ్డుపడేది ఎక్కువగా టర్బో పక్కనున్న భాగం. చివర్న కనిపించే మెరుపు గొట్టం వల్ల శక్తికి ఒరిగేది దాదాపు శూన్యం. 1.0 టీఎస్ఐ లాంటి ఇంజిన్లలో మ్యానిఫోల్డ్ సిలిండర్ హెడ్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి హెడర్లు (మ్యానిఫోల్డ్ బదులు వేసే గొట్టాలు) మార్చే మాటే లేదు.

పైపు వ్యాసం విషయంలో ఆశకు పోవద్దు. 100 నుంచి 150 పీఎస్ ఇంజిన్‌కు 51 నుంచి 57 మిల్లీమీటర్లు సరిపోతుంది. టర్బో లేని ఇంజిన్‌కు పెద్ద పైపు నిజంగా నష్టం చేస్తుంది. పొగ వేగం తగ్గి, సిలిండర్ శుభ్రంగా ఖాళీ కాక, కింది ఆర్‌పీఎంలో లాగుడు చచ్చిపోతుంది. నా పాత 1.2 లీటర్ల కారుకు ఒక షెడ్డులో 63 మిల్లీమీటర్ల నేరు పైపు వేయించుకున్నాను. వీధి మొత్తం నిద్ర లేచింది గాని, 40 నుంచి 80కి పట్టే సమయం 9.4 సెకన్ల నుంచి 9.9కి పెరిగింది. భాకరాపేట ఘాట్‌లో మూడో గేరులో ఎక్కే మలుపుల్లో రెండుకు దించాల్సి వచ్చింది. పైపు తీయించడానికి మళ్లీ డబ్బు కట్టాను.

వంపుల దగ్గర చూడండి. మాండ్రెల్ బెండింగ్‌లో వంపు దగ్గర కూడా వ్యాసం తగ్గదు. మామూలు బెండింగ్‌లో గొట్టం నొక్కుకుపోతుంది. 57 మిల్లీమీటర్ల పైపు వంపులో 47కి తగ్గితే దారి వైశాల్యంలో దాదాపు మూడో వంతు పోతుంది.

బిగించే వరుస:
1. ముందురోజు రాత్రే తుప్పు పట్టిన నట్లకు, ఆక్సిజన్ సెన్సర్ మరలకు తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి.
2. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బండిని లిఫ్టు మీదకో స్టాండ్ల మీదకో ఎక్కించండి. ఒక్క జాకీని నమ్మి కిందకు దూరవద్దు.
3. సెన్సర్‌ను దాని కోసం ఉన్న చీలిక సాకెట్‌తోనే విప్పండి. తీగ మెలిపడితే సెన్సర్ పోయినట్లే.
4. కొత్త పైపును బండి కిందే కొలిచి, అక్కడక్కడ చుక్క వెల్డింగ్ పెట్టి, కిందకు దించి పూర్తి వెల్డింగ్ చేయించండి. స్టెయిన్‌లెస్ స్టీలుకు టిగ్ వెల్డింగ్ మేలు. బండి మీద వెల్డింగ్ తప్పనిసరైతే బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ఎర్త్ క్లిప్పును వెల్డింగ్ చోటికి దగ్గరగా పెట్టించండి. లేదంటే ఈసీయూకే (ఇంజిన్ కంప్యూటర్‌కే) ఎసరు రావచ్చు.
5. ఫ్లెక్స్ జాయింట్ వదిలేయవద్దు. ఇంజిన్ ఊగుతుంది, పైపు ఊగదు. మధ్యలో ఇది లేకపోతే వెల్డింగ్ చిట్లుతుంది.
6. పెట్రోలు, బ్రేక్ గొట్టాలకూ వైర్లకూ కనీసం 25 మిల్లీమీటర్ల ఎడం ఉంచి, కంపెనీ వేడి రేకులన్నీ తిరిగి బిగించండి.
7. కొత్త గ్యాస్కెట్లు వేసి, నట్లన్నీ వేళ్లతో బిగించి పైపు కుదురుకున్నాక, ఇంజిన్ వైపు నుంచి వెనక్కి టార్క్ పానాతో బిగిస్తూ రండి.
8. చల్లని ఇంజిన్ స్టార్టు చేసి, వెనక గొట్టాన్ని మందపాటి గుడ్డతో కాసేపు సగం మూసి, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లండి. బుడగ వచ్చిన చోట లీకు. గ్యారేజీ తలుపులు తెరిచే ఉండాలి.

మొదటి ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు లీకు ఉంటే బయటి గాలి లోపలికి చేరి, ఇంధనం చాలడం లేదని ఈసీయూ పొరపడి పెట్రోలు పెంచుతుంది. మైలేజీ పడిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో ఇది తరచూ కనబడే కారణం.

8. రీమ్యాప్: గాలి, పొగ దారులు కుదిరాకే

టర్బో లేని చిన్న ఇంజిన్‌లో ఫిల్టర్, ఎగ్జాస్ట్, రీమ్యాప్ అన్నీ కలిసినా మూడు నుంచి ఎనిమిది పీఎస్‌లకు మించి ఆశించవద్దు. టర్బో ఇంజిన్‌లో ఒక్క రీమ్యాప్‌తోనే సాధారణంగా 15 నుంచి 25 శాతం వస్తుంది, ఎందుకంటే అక్కడ గాలి పీడనాన్ని సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది.

సెన్సర్ సంకేతాన్ని మోసగించే చిన్న పెట్టెలు చవక. అయితే ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్కు పడే క్షణం) వాటి చేతిలో ఉండదు. ఈసీయూ మ్యాప్‌నే మార్చే పని ఖరీదైనా అదే సరైనది.

ట్యూనర్‌ను అడగాల్సినవి:
- నా కంపెనీ మ్యాప్ కాపీ తీసి నాకు ఇస్తారా?
- తయారుగా ఉన్న ఫైలు ఎక్కిస్తారా, నా బండి లాగ్ (నడుస్తుండగా నమోదైన సెన్సర్ అంకెలు) చూసి సరిదిద్దుతారా?
- ఏ పెట్రోలుకు రాస్తున్నారు?
- గేర్‌బాక్స్ హద్దు ఎంతగా తీసుకున్నారు?
- వేడి పెరిగితే శక్తి తగ్గించే రక్షణలు అలాగే ఉంటాయా?

చివరి ప్రశ్నకు "అవి తీసేస్తే ఇంకా లాగుతుంది" అన్న సమాధానం వస్తే నమస్కారం పెట్టి బయటికి రండి.

ఇంధనం మాట. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. ఈ20తో (20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుతో) అదే పనికి ఇంజెక్టర్లు ఎక్కువసేపు తెరిచి ఉండాలి. పైగా, శుద్ధ పెట్రోలుకు ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ల గాలి కావాలంటే, ఈ20కి దాదాపు 13.5 పాళ్లు చాలు. అందుకే గాలి-ఇంధన నిష్పత్తి అంకెను కాకుండా లాంబ్డా అడగండి. ఆ ఇంధనానికి కావాల్సిన గాలి సరిగ్గా ఉంటే లాంబ్డా 1, ఇంధనం ఎక్కువైతే 1 కంటే తక్కువ. టర్బో పూర్తి లోడులో అది 0.80 నుంచి 0.88 మధ్య ఉండటం క్షేమం. పాత కార్లలో రబ్బరు గొట్టాలు ఈ20కి తగినవో కాదో మాన్యువల్‌లో చూసుకోండి. మ్యాప్‌ను 100 ఆక్టేన్ పెట్రోలుకు రాయించి, తర్వాత పీలేరు దారిలో దొరికిన మామూలు పెట్రోలు పోయించుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు. మీ ఊరి బంకులో ఏడాది పొడవునా దొరికేదానికే రాయించండి.

ప్లగ్గులు ఒక మెట్టు చల్లని (వేడిని త్వరగా వదిలే) రకానికి మార్చి, గ్యాప్ 0.1 మిల్లీమీటరు తగ్గించడం మేలు. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లని ప్లగ్గు, బాష్‌లో అంకె తగ్గితే చల్లనిది. ఈ తిరకాసు తెలియక వేడి ప్లగ్గు వేసి పిస్టన్ కరిగించుకునే ప్రమాదం ఉంది.

9. క్లచ్, గేర్‌బాక్స్

మాన్యువల్ బండిలో నాలుగో గేరులో 2500 దగ్గర పూర్తిగా తొక్కినప్పుడు ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందని అర్థం. పాత పోలో జీటీలోని ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు తయారీదారు పెట్టిన హద్దు 250 ఎన్ఎం. నేనైతే 220 దాటనివ్వను.

10. తరచూ వచ్చే చిక్కులు, వాటికి విరుగుడు

పీ0420 కోడ్ (స్కానర్ చూపే ఎర్రర్ కోడ్): క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని సూచన. ముందు లీకు, తర్వాత రెండో సెన్సర్ చూడండి. సెన్సర్‌ను మోసగించే గొట్టం ముక్కలు వేసి లైటు ఆర్పించవద్దు.

పీ0299: బూస్టు (టర్బో ఇచ్చే గాలి పీడనం) చాలడం లేదు. పది బండ్లలో ఎనిమిదింట్లో గొట్టం క్లిప్పు ఊడి ఉండటమే నేను చూశాను.

పై ఆర్‌పీఎంలో మిస్ కొట్టడం: ప్లగ్గు గ్యాప్ ఎక్కువ కావడమో, కాయిల్ బలహీనపడటమో కారణం.

మధ్యాహ్నం మాత్రమే లాగుడు తగ్గడం: ఇన్‌టేక్ వేడి. మ్యాప్‌ను తిట్టే ముందు ఆరో మెట్టుకు తిరిగి వెళ్లండి.

సర్వీసు తర్వాత బండి మామూలుగా మారడం: సర్వీసు కేంద్రంలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసినప్పుడు మీ మ్యాప్ చెరిగిపోయి ఉంటుంది. అప్‌డేట్ చేసే ముందు అడగమని జాబ్‌కార్డులో రాయించండి.

ఘాట్ ఎక్కుతూ పై గేరులో, 1500 ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా తొక్కినప్పుడు టక్ మని ఒక్క దెబ్బ వినిపించడం: ఇది మామూలు నాకింగ్ (స్పార్కు పడ్డాక మిశ్రమం అదుపు తప్పి అంటుకోవడం) కాకపోవచ్చు. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో తక్కువ వేగంలో, ఎక్కువ లోడులో స్పార్కుకు ముందే మిశ్రమం అంటుకునే జబ్బు ఒకటుంది. ఒక్క దెబ్బకే పిస్టన్ అంచు విరగవచ్చు. గేరు దించి, 2500 పైన ఉంచి ఎక్కండి. ఏపీఐ ఎస్‌పీ ఆయిల్ అడిగింది ఇందుకే.

11. మొదటి వెయ్యి కిలోమీటర్లు

- 100 కిలోమీటర్ల తర్వాత, ఇంజిన్ చల్లారాక, ఎగ్జాస్ట్ నట్లను మళ్లీ టార్క్ పానాతో చూడండి.
- వారానికోసారి పది నిమిషాల లాగ్ తీయండి: ఇన్‌టేక్ వేడి, బూస్టు, లాంబ్డా, టైమింగ్ వెనకడుగు, కూలెంట్ వేడి. టైమింగ్ ఒకే సిలిండర్‌లో పదేపదే నాలుగు డిగ్రీలకు పైగా వెనక్కి పోతుంటే తొక్కడం ఆపి, పెట్రోలు మార్చి చూడండి.
- గట్టిగా నడిపాక బండి ఆపే ముందు రెండు నిమిషాలు మెల్లగా పోనివ్వండి. టర్బోలోని ఆయిల్ అక్కడే మాడకుండా ఉంటుంది.
- ఆయిల్ మార్పిడిని 5,000 కిలోమీటర్లకు తగ్గించండి. డిప్‌స్టిక్‌ను 500 కిలోమీటర్లకోసారి చూడండి.
- ఐదో మెట్టులో రాసుకున్న కాగితం తీసి, అదే దారిలో, అదే తెల్లవారుజామున, అంతే పెట్రోలుతో మళ్లీ నాలుగు పరుగులు పెట్టి సెకన్లు పక్కపక్కన రాసుకోండి.